పట్టపగలు మూసిన తెరలు

"తెర తియ్యి ఇమ్కె."

"తియ్యను."

"శనివారం పూట, పట్టపగలు! వీధిలో జనం తిరుగుతున్నారు. తియ్యమన్నానా!"

"నువ్వు నెట్లో తెరిచిపెట్టినవి మూసెయ్యి. అప్పుడు నేనివి తీస్తాను."

ఇమ్కె ముందుగది పెద్ద కిటికీకి వీపు ఆనించి నిలబడింది. ఆమె వెనక ముదురాకుపచ్చ తెరలు రెండూ నిండుగా మూసుకుని ఉన్నాయి. అసలు ఆ తెరలు కదులుతాయన్న సంగతే ఆమె తల్లి ఫెన్నా మరిచిపోయింది. డ్రెంటె జిల్లా పల్లెల్లో ముందుగదికి పగలు ఎవరూ తెర వెయ్యరు. రాత్రిళ్ళు కూడా సగంమంది వెయ్యరు. మా ఇంట్లో దాచుకోవడానికి ఏముంది గనక అన్నట్టు, కిటికీలో రెండు పూలకుండీలు పెట్టి, దీపం వెలిగించి, వీధికి ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతారు. వీధిన పోయేవాడూ మర్యాద తెలిసినవాడే. ఒక్క చూపు చూస్తాడు, చెయ్యి ఊపుతాడు, నిలబడి మాత్రం చూడడు. పగలు తెరలు మూశారంటే దానికి ఒకటే అర్థం. ఆ ఇంట్లో ఎవరో పోయారు.

ఈ ఇంట్లో అవి ఆఖరుసారి మూసుకున్నది ఫెన్నా మామగారు పోయినప్పుడు.

"హార్మ్, నువ్వైనా చెప్పు దానికి!"

హార్మ్ కాఫీ కప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. భార్యవైపు చూశాడు. కూతురివైపు చూశాడు. 

"సైకిల్ చైను జారినట్టుంది. ఓసారి చూసొస్తా," అంటూ పెరటి షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

ఆ ఇంట్లో గొడవైన ప్రతిసారీ ఏదో ఒక సైకిలుకి చైను జారుతుంది. అందుకే హార్మ్ ఇంటి సైకిళ్ళంత బాగా నడిచే సైకిళ్ళు ఆ చుట్టుపక్కల ఇంకెక్కడా లేవు.

ఫెన్నాకి ఒళ్ళు మండిపోయింది. బల్లమీద లాప్‌టాప్ తెరిచే ఉంది. తెరమీద ఆమె పుస్తకం, 'చిట్టెలుక తల్లి', మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా సిద్ధంగా ఉంది. పదిహేనేళ్ళుగా బ్లాగులో రాసుకున్నదంతా ఏరి, కూర్చి, ఏ ప్రచురణకర్త గడపా తొక్కకుండా తానే అచ్చువేసుకుంటోంది. కింద నీలంరంగు బటన్ మీద 'అచ్చుకు పంపు' అని ఉంది. ఈ సాయంత్రంలోగా దాన్ని నొక్కాలి. నొక్కితేనే వచ్చే వారం ఊరి గ్రంథాలయంలో సభకి పుస్తకాలు అందుతాయి.

"మొత్తం ఆపమనడం లేదు నేను," అంది ఇమ్కె. "ఒక్క అధ్యాయం. 'రైళ్ళు' అన్నది తీసెయ్యి. అంతే."

"అసలు పుస్తకం అదొక్కటే. మిగతాదంతా నీ పళ్ళు, నీ జలుబులు, మీ నాన్న మాడ్చిన బంగాళాదుంపలు."

"అవునా? మరి నాకు ఎన్నేళ్ళొచ్చేదాకా పక్క తడిపానో సరిహద్దు అవతల నీ బ్లాగు చదివే బెల్జియంవాళ్ళకి ఎందుకు?"

"వాళ్ళకి నువ్వెవరో తెలీదు! నీ పేరెక్కడా రాయలేదు. చిట్టెలుక అనే రాశాను."

చిట్టెలుక అన్న పేరు ఇమ్కె పుట్టిన వారంలోనే పడింది. చూడ్డానికి వచ్చినవాళ్ళకి రస్కు మీద వెన్నరాసి, పైన చిట్టెలుకలని పిలిచే చక్కెర పూత సోంపు పలుకులు ఆనవాయితీ ప్రకారం చల్లి పెట్టి, ఆ రాత్రే ఫెన్నా తన మొదటి టపా రాసింది. అప్పుడు దాన్ని చదివినవాళ్ళు ముగ్గురు. ఇప్పుడు వేలల్లో ఉన్నారు.

"బడిలో నా పేరు ఇప్పుడదే," అంది ఇమ్కె. "నేను వరండాలో నడుస్తుంటే కీచు కీచుమంటున్నారు. నీకు తెలుసా? మొన్న మా క్లాసు బాస్టియన్ బెంచీ ఎక్కి, ఫోన్లో నీ రాతలు పైకి చదివాడు. నీ గొంతు పెట్టి మరీ చదివాడు. 'చిట్టెలుకకి మూడు నెలలు. దాన్ని షెడ్డులో చంటిపిల్లల బండిలో పడుకోబెట్టి, నేను సైకిలెక్కి స్టేషన్‌కి వెళ్ళిపోయాను.' అందరూ నవ్వుతున్నారు. నేను కూడా నవ్వాను, అబద్ధం చెప్తున్నాడనుకుని."

ఫెన్నా ఏదో అనబోయింది. ఇమ్కె అననివ్వలేదు.

"ఇంటికొచ్చి చదివితే అందులో నిజంగానే ఉంది. నువ్వు నన్ను వదిలేసి వెళ్ళిన సంగతి నాకు బాస్టియన్ చెప్పాడమ్మా. నువ్వు చెప్పలేదు."

"నేను తిరిగొచ్చాను!"

"అది కూడా వాడే చదివాడు."

వీధి తలుపు గంట మోగింది. తల్లీకూతుళ్ళిద్దరిలో ఎవరూ కదల్లేదు.

"నీకు చెప్దామనే అనుకున్నాను," అంది ఫెన్నా. ఆ మాట తన చెవికే బోలుగా వినిపించింది. "నువ్వు పెద్దదానివయ్యాక."

"ఎప్పుడు? పుస్తకం మీద సంతకం చేసి ఇచ్చేటప్పుడా? ఊరూ పేరూ తెలీని ఆడవాళ్ళంతా నీతో కలిసి ఏడ్చారు. కిందంతా హృదయాలు పెట్టారు. నా కథ అందరికంటే ఆఖర్న నాకు తెలిసింది!"

"అది నీ కథ కాదు. నాది. ఆ స్టేషన్ బల్లమీద చలిలో కూర్చున్నది నేను."

"షెడ్డులో పడుకున్నది నేను!"

 ఇమ్కె చిన్నపిల్లలా పెద్దగా ఏడ్చేసింది. దగ్గరికి తీసుకోవాల్సిన సమయమది. ఫెన్నాకి ఆ సంగతి తెలుసు. కానీ కోపం ఆమె కాళ్ళకి బందం వేసింది.

"ఆ పేజీ చదివి ఒకావిడ ఏం రాసిందో తెలుసా? చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకుని కాలవ గట్టున కూర్చుందట. ఫోన్లో నా టపా చూసి లేచి ఇంటికెళ్ళిపోయానని రాసింది. అలాంటి పేజీ చింపెయ్యమంటావా నన్ను? ఆ రోజుల్లో నాకెవరున్నారు? మీ నాన్న సైకిళ్ళు బాగుచేసుకుంటున్నాడు. మీ నానమ్మ నోట్లోంచి ముత్యం రాలదు. మరి ఎవరితో చెప్పుకోవాలి నేను? ఎవరితో చెప్పుకోవాలి?"

గంట మళ్ళీ మోగింది. కాసేపాగి ఇంకోసారి మోగింది. ఆ తర్వాత మోగలేదు.

*

వీధి తలుపు దగ్గర మాటలు వినబడేసరికి బల్లమీద కాఫీ చల్లారిపోయి ఉంది.

తలుపు తీసింది ఫెన్నా అత్తగారు రూలీనా. తుంటికి ఆపరేషన్ అయినప్పటినుంచి ఆవిడ వెనకగదిలోనే ఉంటోంది. శనివారం పొద్దున చెవి మిషన్ తీసి పక్కన పడేసి కునుకు తీస్తుంది. అందుకే ఇంతసేపూ ఇల్లు అదిరిపోయినా ఆవిడకి తెలియలేదు. లేచి, మిషన్ పెట్టుకుని, చేతికర్రతో గుమ్మందాకా వచ్చింది.

గుమ్మంలో పక్కింటి ఎగ్బర్ట్ నల్లకోటు వేసుకుని, టోపీ గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు. వెనక అతని భార్య హిల్లీ, తెల్లగుడ్డలో చుట్టిన ఎండుద్రాక్ష రొట్టెతో. ఆ వెనక గేటుదాకా మరో నలుగురైదుగురు, తలలు దించుకుని ఉన్నారు.

"ఏంటయ్యా ఎగ్బర్ట్, నల్లకోటు? ఎవరు పోయారు?" అంది రూలీనా.

ఎగ్బర్ట్ నోరు తెరుచుకుంది. మూతపడలేదు. హిల్లీ చేతిలో రొట్టె కిందపడబోయి ఆగింది.

"నువ్వే వదినా," అన్నాడు చివరికి.

అప్పటికి ఫెన్నా పరుగెత్తుకుంటూ వచ్చింది. ఎగ్బర్ట్ మొహం చుక్క రక్తం లేకుండా పాలిపోయి ఉంది. ఆ వీధిలో చావు కబురు ఇంటింటికీ చేరవేసే బాధ్యత ఆనుకుని ఉన్న పొరుగువాడిది. తాతల నాటినుంచీ అంతే. శవపెట్టె మొయ్యడానికి మనుషుల్ని కుదర్చడం, వచ్చినవాళ్ళ కాఫీ సంగతి చూడడం కూడా అతనే చెయ్యాలి. ఎగ్బర్ట్ తన పని తాను చేశాడు.

"తెరలు మూసున్నాయి," అన్నాడు సంజాయిషీగా. "గంట కొట్టాను. ఎవరూ రాలేదు. లోపల పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. 'ఎవరితో చెప్పుకోవాలి నేను' అని ఫెన్నా కేకలు. ఇంకేమనుకోమంటావు వదినా?"

"అనుకుంటే అనుకున్నావు. అనుకుని ఏం చేశావ్?"

"వీధి గ్రూపులో పెట్టాను."

"ఏమని పెట్టావ్? చదువు."

"ఇప్పుడెందుకులే వదినా..."

"చదవమన్నానా!"

ఎగ్బర్ట్ ఫోను కళ్ళకి దూరంగా పట్టుకున్నాడు. "'మన రూలీనా ఈ ఉదయం ప్రశాంతంగా కన్నుమూసింది. ఎవరినీ నొప్పించని మనిషి.'"

"ప్రశాంతంగానా? నేను ప్రశాంతంగా పోతానని నీకెవరు చెప్పారు?" రూలీనా చేతికర్ర నేలమీద టక్కుమంది. "ఎవరినీ నొప్పించలేదా? నలభై ఏళ్ళుగా నిన్ను నొప్పిస్తూనే ఉన్నానే! నా గురించి ఊరందరికీ రాసేముందు నన్నొక్కమాట అడగాలని తోచలేదా?"

"పోయారనుకున్న మనిషిని ఎలా అడుగుతారు వదినా?"

"తలుపు కొట్టి అడుగుతారు!"

"కొట్టానుగా!"

"మళ్ళీ కొట్టు!"

గేటు దగ్గర ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. "ఇప్పుడే తీసేశానులే," అని ఎగ్బర్ట్ గొణిగాడు. "కానీ చదివినవాళ్ళు చదివేశారు. ఆసెన్‌ నుంచి మీ చెల్లెలి కొడుకు బయల్దేరాడంట."

 రూలీనా హిల్లీ ముందు చెయ్యి చాపింది.

"రొట్టె ఇలా ఇవ్వు. ఎలాగూ నా పేరన తెచ్చిందేగా."

*

జనం వెళ్ళిపోయాక ఫెన్నా కిటికీ తెరలు రెండూ బర్రుమని లాగేసింది. ఇమ్కె అడ్డు చెప్పలేదు. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళతో బల్లముందు కూర్చుంది. రూలీనా రొట్టె ముక్కలు కోసి వెన్న రాస్తోంది. తన చావు రొట్టెని తనే కోసుకునే అదృష్టం ఎంతమందికి దక్కుతుంది? కానీ ఆవిడ మొహంలో నవ్వు లేదు.

"ఎవరు మూశారు తెరలు?"

"నేనే నానమ్మా."

"ఎందుకు?"

"అమ్మనడుగు." ఇమ్కె తల్లివైపు చూసింది. "ఒక్కపూట అడక్కుండా రాసినందుకే నానమ్మకి ఇంత కోపమొచ్చింది. నన్ను పుట్టినప్పటినుంచీ రాస్తున్నావు నువ్వు."

"అదీ ఇదీ ఒకటేనా?" ఫెన్నా కస్సుమంది. "ఎగ్బర్ట్ అబద్ధం రాశాడు. నేను నిజం రాశాను. ఈ ఇంట్లో ఎవరూ చెప్పని నిజం! ఎలా ఉన్నావని అడిగితే ఈ ఊళ్ళో ఒకటే జవాబు. 'ఇంతకంటే అధ్వాన్నంగా ఉండొచ్చు.' బాలింతని అడిగినా అదే, చావబోయేవాణ్ణి అడిగినా అదే. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని నోళ్ళు కుట్టుకుని కూర్చునే మనుషులు. నేను చించుకున్నాను. పడితే పడిందిలే అనుకున్నాను. అది చూసి నాకూ ఇంతే, నాకూ ఇంతే అని ఎంతమంది ముందుకొచ్చారు! తప్పా అది?"

రూలీనా ఇంకో ముక్కకి వెన్న రాసింది. 

"ఏం రాశావ్?" అంది.

 ఊరంతా చదివిన బ్లాగుని అత్తగారు చదవలేదని ఫెన్నాకి తెలుసు. చదవలేదు కాబట్టే అంత ధైర్యంగా రాసింది.

"నేను చదువుతాను," అంది ఇమ్కె. లాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది. బాస్టియన్‌లా గొంతు మార్చలేదు. వార్తలు చదివినట్టు చప్పగా చదివింది. జనవరి ఉదయం. ఆగకుండా ఏడ్చే బిడ్డ. నిద్రలేని వారాలు. పసిబిడ్డకి చల్లగాలి మంచిదని రోజూ పడుకోబెట్టే షెడ్డు, అదే చంటిపిల్లల బండి. కానీ ఆ రోజు తల్లి వంటింట్లోకి తిరిగి వెళ్ళలేదు. సైకిలెక్కింది. స్టేషన్లో బల్లమీద కూర్చుని, వచ్చిన ప్రతి రైలూ ఎక్కేస్తాననుకుంది, ఏదీ ఎక్కలేదు.

"'మధ్యాహ్నానికి తిరిగొచ్చాను,'" ఇమ్కె చదువుతోంది. "'చిట్టెలుక నిద్రపోతూనే ఉంది. నేను వెళ్ళినట్టు దానికి తెలియదు. నాకూ ఆ రైళ్ళకీ తప్ప ఈ లోకంలో ఇంకెవరికీ తెలియదు.'"

రూలీనా కత్తి కింద పెట్టింది.

"నిద్రపోలేదు," అంది.

ఫెన్నా తలెత్తింది. "ఏంటత్తయ్యా?"

"అది నిద్రపోలేదమ్మాయ్. ఏడ్చి ఏడ్చి మొహం నీలం తిరిగింది. నేనప్పుడు పెరటి వాటాలో ఉండేదాన్నిగా, ఆ ఏడుపు విని వచ్చాను. నీ సైకిల్ లేదు. పిల్లని లోపలికి తీసుకెళ్ళి, తడిగుడ్డలు మార్చి, పాలు పట్టాను. భుజాన వేసుకుని కిటికీలోంచి రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాను. మలుపులో నీ సైకిల్ కనబడేసరికి పిల్లని మళ్ళీ బండిలో పడుకోబెట్టి, దుప్పటి కప్పి, వెనకదారిన వెళ్ళిపోయాను."

 ఇమ్కె నానమ్మ చేతులవైపు చూస్తోంది, అవే చేతులా అన్నట్టు.

"ఎందుకు?" ఫెన్నా గొంతు సన్నగా వచ్చింది.

"నాకు తెలిసిందని నీకు తెలిస్తే తలెత్తుకోలేవని."

"తలెత్తుకోలేనా?" ఆ సన్నని గొంతు ఒక్కసారిగా పెద్దదైంది. "మీకు తెలుసు! ఇన్నేళ్ళూ మీకు తెలుసు! రోజూ ఎదురుగా కూర్చుని నా చేతి కాఫీ తాగారు. ఒక్క మాట, 'చూశానే, ఏమైందే' అని ఒక్క మాట అడిగుంటే నేను ఆ బ్లాగులో ఒక్క అక్షరం రాసేదాన్ని కాదు! ముక్కూ మొహం తెలీనివాళ్ళ ముందు కూర్చుని ఏడ్చేదాన్ని కాదు!"

"నువ్వే చెప్తావని చూశాను."

"పదిహేనేళ్ళా!"

"కిటికీ తెరిచుంది కదాని నిలబడి లోపలికి తొంగిచూడకూడదని పెంచారు నన్ను," అంది రూలీనా. ఆవిడ గొంతులోనూ కోపమే ఉంది, ఎవరిమీదో మాత్రం తెలియలేదు. "మాకు తెలిసిన మర్యాద అదే."

"మీ మర్యాద తగలబడ! నేను రైలెక్కడానికి వెళ్ళాననుకుంటున్నారా? ఎక్కడానికి ఎవరు వెళ్ళారు? పట్టాలవైపు చూస్తూ కూర్చున్నాను అత్తయ్యా! ప్రతి రైలుకీ లేచి అంచుదాకా వెళ్ళాను! అది కూడా తెలుసా మీకు? చెప్పండి, అది కూడా తెలుసా?"

పెరటి గుమ్మంలో హార్మ్ నిలబడి ఉన్నాడు. చేతులనిండా నల్లటి నూనె. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో ఎవరికీ తెలియదు. ఈసారి ఏ చైను సంగతీ ఎత్తలేదు.

ఇమ్కె లాప్‌టాప్ తెరవైపు చూసింది. వేలితో పేజీ పైకి జరిపింది, కిందికి జరిపింది. మళ్ళీ జరిపింది.

"అది ఇందులో లేదు," అంది మెల్లగా.

లేదు. పదిహేనేళ్ళుగా లోకం ముందు అన్నీ విప్పి చెప్పుకున్నాననుకున్న మనిషి ఆ ఒక్కటీ ఎక్కడా రాయలేదు. రాయలేదన్న సంగతి తనకి తానే ఒప్పుకోలేదు. ఇప్పుడది ఈ బల్లమీద పడింది, కూతురి ముందు, అత్తగారి ముందు, నూనె చేతుల మొగుడి ముందు. రూలీనా చెయ్యి బల్లమీదుగా వచ్చి ఫెన్నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు నొప్పి పుట్టేంత గట్టిగా ఉంది. ఇంత కాలంలో ఆవిడ కోడల్ని అలా పట్టుకోవడం ఇదే మొదటిసారి.

వీధిలో ఎవరో పోతూ కిటికీలోంచి ఒక్క చూపు చూసి, రూలీనా బతికే ఉండడం గమనించి, చెయ్యి ఊపారు. రూలీనా రెండో చెయ్యి ఊపింది. మర్యాద మర్యాదే.

ఫెన్నా చూపు లాప్‌టాప్ మీదికి వెళ్ళింది. ఆమె కావాలని చూడలేదు, కళ్ళే వెళ్ళాయి. నీలంరంగు బటన్ అలాగే వెలుగుతోంది. కిటికీలో వెలుగు అప్పుడే మధ్యాహ్నానికి తిరిగింది. ఆ అధ్యాయం చివరి నాలుగు వాక్యాలు ఎంత తప్పో, ఇప్పుడవి ఎలా ఉండాలో...

ఇమ్కె ఆ చూపుని పట్టేసింది.

"అమ్మా," అంది. ఆ గొంతులో ఇప్పుడు కోపం లేదు, అంతకంటే భయపెట్టేదేదో ఉంది. "ఇది రాయవు కదూ? ఇప్పుడు నానమ్మ చెప్పింది, నువ్వు చెప్పింది. ఇది మన దగ్గరే ఉంటుంది కదూ?"

ముగ్గురూ ఆమెవైపే చూస్తున్నారు. రాయనని చెప్పడానికి ఫెన్నా నోరు తెరిచింది. మాట బయటికి రాలేదు. ఆమె లోపల మొదటి వాక్యం అప్పటికే తయారైపోయింది.